మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది

మా సంఘంలో ఒక టీచరమ్మ గారున్నారు. ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త ప్రభువు సన్నిధికి వెళ్లి పదేళ్లు దాటింది. ఒక్కతే కూతురు, విదేశంలో నర్సు. ఆదివారం బడి పిల్లల దగ్గర్నుంచి సంఘ పెద్దల దాకా అందరూ ఆమెను 'అక్కయ్య' అనే పిలుస్తారు, నేనూ అంతే. 2023 జూలైలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ, అమ్మాయికి అక్టోబరులో కాన్పు. మొదటిది కదా, పైగా బీపీ ఎక్కువగా ఉందట, డాక్టర్లు జాగ్రత్తగా ఉండమన్నారట. నేను దగ్గరుండాలి. ఆ వీసా ఫారాలేవో నువ్వు చూసి పెట్టాలి" అన్నారు.

బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక మా సంఘంలో ఇంగ్లీషు ఫారం ఏదొచ్చినా నా బల్ల మీదికే వస్తుంది. ఇన్నేళ్లలో యాభై అరవై వీసా దరఖాస్తులైనా నింపి ఉంటాను. అక్కయ్య కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెన్షను పుస్తకం, సొంతిల్లు, కూతురి ఉద్యోగ పత్రం, అక్కడి ఆసుపత్రి డాక్టరు రాసిచ్చిన ఉత్తరం, అన్నీ ఉన్నాయి. ఆగస్టు మొదటి వారంలో ఆమె హైదరాబాదు వెళ్లి వేలిముద్రలిచ్చి, ఫొటో దిగి, పాస్‌పోర్టు అప్పగించి వచ్చారు. మూడు వారాల్లో తేలిపోతుందని అక్కడి కాగితం మీదే రాసి ఉంది. ఆ దేశం ఏదో, ఆ కాన్సులేట్ ఏదో ఇక్కడ చెప్పను. ఈ సంగతి ఆ ఒక్క దేశానిదే కాదు.

మూడు వారాలు గడిచాయి. ఇంటర్‌నెట్‌లో దరఖాస్తు నెంబరు కొడితే ఒకే వాక్యం కనబడేది, మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది అని. నాలుగో వారం కూడా అదే వాక్యం. అక్కయ్య రోజూ ఉదయం వాక్యధ్యానం అయ్యాక ఫోను తీసి అది చూసుకునేవారు, నాకు ఫోన్ చేసి "అదే ఉంది తమ్ముడూ" అనేవారు. అక్కడ్నుంచి మొదలైంది మా తంటా.

ముందు దరఖాస్తు తీసుకున్న కేంద్రానికి ఫోన్ చేశాను. ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటూ నాలుగు మెట్లు దిగాక సంగీతం మోగుతుంది, మధ్యమధ్యలో మీ కాల్ మాకెంతో విలువైనదని ఒక గొంతు చెబుతుంది. నలభై నిమిషాలకు దొరికిన మనిషి చెప్పింది, 'సార్, మేము కాగితాలు తీసుకుని పంపేవాళ్లమే, తీర్మానం కాన్సులేట్‌ది, వాళ్లనడగండి' అని. కాన్సులేట్‌కు ఫోన్ చేస్తే, వీసా ప్రశ్నలకు దరఖాస్తు కేంద్రాన్ని సంప్రదించండి అని రికార్డు చేసిన మాట వినిపించి లైను తెగిపోయింది. వీళ్లు వాళ్లను అడగమంటారు, వాళ్లు వీళ్లను అడగమంటారు. ఈమెయిల్ పంపితే నిమిషం తిరక్కముందే జవాబొచ్చింది. తెరిచి చూస్తే, మీ ఉత్తరం అందింది, దయచేసి దీనికి తిరిగి జవాబు రాయవద్దు అని ఉంది. డాక్టరు ఉత్తరం జతచేసి, గర్భిణి పరిస్థితి వివరించి మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు, అక్షరం మారలేదు. యంత్రం రాసిన ఉత్తరం కదా, దానికి బీపీ అంటే ఏం తెలుసు?

చివరికి నేనే హైదరాబాదు వెళ్లి గేటు ముందు నిలబడ్డాను. సెక్యూరిటీ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, అపాయింట్‌మెంట్ ఉంటేనే లోపలికి అన్నాడు. అపాయింట్‌మెంట్ ఎలా అంటే వెబ్‌సైటులో తీసుకోవాలన్నాడు. చెట్టు కింద నిలబడి ఫోనులో ఆ పేజీ తెరిచి చూశాను. ఏ పనికి వస్తున్నారో ఎంచుకోమని ఒక పట్టీ ఉంది. కొత్త దరఖాస్తు, వేలిముద్రలు, పాస్‌పోర్టు తీసుకోవడం, ఇలా ఏడెనిమిది ఉన్నాయి. 'జవాబు అడగడానికి' అన్నది మాత్రం అందులో లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. సెప్టెంబరు మొదట్లో ఒకసారి ఫోను అక్కయ్య చేతికే ఇచ్చి మాట్లాడించాను. అవతల ఉన్న అమ్మాయి తెలుగు పిల్లే. తెర మీద రాసున్నది చదివి వినిపించాక, గొంతు తగ్గించి, "ఆంటీ, మీ అమ్మాయికి ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది. రెండు నెలల వ్యవహారంలో మాకు దొరికిన మనిషి మాట అదొక్కటే. అక్కయ్య ఆ పిల్ల కోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తారు.

సెప్టెంబరు మూడో వారంలో అమ్మాయికి బీపీ బాగా పెరిగి, నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగబిడ్డ. తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజులూ అల్లుడు ఒక్కడే ఐసీయూలో ఉన్న భార్య దగ్గరికీ, అద్దాల పెట్టెలో ఉన్న కొడుకు దగ్గరికీ తిరిగాడు. అక్కడి సంఘంలోని ఇద్దరు సహోదరీలు అన్నం వండి తెచ్చిపెట్టారు. సమాధి కార్యక్రమం మన లెక్కలో అర్ధరాత్రి దాటాక జరిగింది. అక్కయ్య ఇంట్లో ఆరుగురం కూర్చుని వాట్సాప్ వీడియోలో చూశాం. తెల్లవారాక, అలవాటు ప్రకారమో ఏమో, ఆమె మళ్లీ ఆ నెంబరు కొట్టి చూసుకున్నారు. దరఖాస్తు పరిశీలనలోనే ఉంది.

అక్టోబరు చివరి వారంలో కొరియర్‌లో పాస్‌పోర్టు వచ్చింది. అందులో ఆరు నెలల వీసా అతికించి ఉంది. ఆలస్యం ఎందుకైందో ఒక్క వాక్యం కూడా లేదు.

ఇక మా తప్పు సంగతి. ఆ ఆదివారం ఆరాధనలో అయ్యగారు సంతోషంతో, ఆయన్నీ తప్పు పట్టను, "అక్కయ్య గారికి ప్రభువు వీసా అనుగ్రహించాడు, ముందుకొచ్చి సాక్ష్యం చెబుతారు" అని ప్రకటించారు. ఆ నెలలో సాక్ష్యాలు తక్కువగా ఉన్నాయి కూడా. ఆమె లేచి నిలబడ్డారు. ముందుకు రాలేదు. తన చోటనే నిలబడి, "వీసా వచ్చిందండి. మనవడు లేడు" అని కూర్చున్నారు. మందిరంలో ఎవరికీ ఏమనాలో తోచలేదు. కీబోర్డు వాయించే కుర్రాడు కంగారుపడి పాట ఎత్తుకున్నాడు.

ఈ వ్యాసం ఆ కాన్సులేట్ గురించి రాద్దామని మొదలుపెట్టలేదు. ఆ పాట గురించి రాద్దామనుకున్నాను. కానీ ఒకటి చెప్పకుండా రెండోది చెప్పలేను.

వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయా దేశాల ఇష్టం. కాన్సులేట్లు చేయవలసిన పనుల్లో వీసాలివ్వడం ఒకటని 1963 నాటి వియన్నా ఒప్పందంలోనే ఉంది. అయితే ఎవరికి ఇవ్వాలో చెప్పే అధికారం బయటివాళ్లకు లేదు. ఇంటివాడు తన తలుపు తీస్తాడా లేదా అన్నది అతని చేతిలోని పని, అందులో వివాదం లేదు. నా బాధ వేరు. లేదు అని చెబితే మనిషి ఏడ్చి, లేచి, ఇంకో దారి చూసుకుంటాడు. అక్కయ్యకు ఆగస్టులోనే లేదని చెప్పి ఉంటే అల్లుడి తల్లిని పంపే ఏర్పాటు చేసేవాళ్లం, ఆవిడ పాస్‌పోర్టు మీద అప్పటికే వీసా ఉంది. 'రేపో మాపో వస్తుంది' అన్న ఆశ మీద ఆ దారి కూడా మూసుకున్నాం. జవాబివ్వకుండా నిలబెట్టడంలో ఉన్న క్రూరత్వం ఇదే, అది మనిషిని వెళ్లనివ్వదు, ఆగిపోనివ్వదు.

ఇది ఒక్క కాన్సులేట్ జబ్బు కాదు. బ్రిటన్ ప్రభుత్వం 2017 జూన్ నుంచి విదేశాల్లో ఉండి వీసా సంగతి అడిగేవాళ్ల దగ్గర ఈమెయిల్‌లో అడిగే ఒక్కో విచారణకు 5.48 పౌండ్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. తర్వాత ఆ రుసుం తగ్గించారనుకోండి, కానీ అడగడానికే వెల కట్టారు చూడండి. అమెరికా సంగతి మన తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. 2008లో హైదరాబాదు బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఆ దేశపు కాన్సులేట్ తెరవకముందు మనవాళ్లంతా మద్రాసు బండెక్కేవాళ్లు. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనానికి మారింది. కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఆగిన మామూలు వీసా ఇంటర్వ్యూలు మళ్లీ మొదలయ్యాక, 2022 చివరికి సందర్శక వీసా మొదటి ఇంటర్వ్యూ కోసమే మన దేశంలోని నగరాల్లో నిరీక్షణ రెండేళ్లు దాటింది. ఇంటర్వ్యూ అయినవాళ్లలో కొందరి చేతిలో 221(జి) అని ఒక కాగితం పెడతారు. ఇంకా పరిశీలన ఉంది, లేదా ఇంకేదో పత్రం కావాలి అని దాని అర్థం. అప్పుడు వెబ్‌సైటులో చూస్తే 'తిరస్కరించబడింది' అని కనబడుతుంది. కేసు ఇంకా నడుస్తూనే ఉంటుంది, తెర మీద మాత్రం తిరస్కరణ! ఇది తెలియక మా సంఘంలో ఒక కుర్రాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ దేశపు 1952 నాటి వలస చట్టంలో 214(బి) అనే సెక్షను ఉంది. సందర్శకుడుగానో విద్యార్థిగానో వెళ్లే మనిషి, తాను తిరిగొస్తానని అధికారికి నమ్మకం కలిగించేదాకా, అక్కడ స్థిరపడడానికే వస్తున్నాడని భావించాలి. నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుడిదే. వినడానికి ఇది కఠినంగా ఉన్నా, చట్టం కనుక దాన్ని ముందే తెలుసుకుని సిద్ధపడవచ్చు. సిద్ధపడలేనిది మౌనానికే. ఆ దేశపు పౌరురాలే ఒకామె, ఎల్ సాల్వడార్ నుంచి తన భర్తను రప్పించుకోవడానికి ప్రయత్నిస్తే 2015లో కాన్సులేట్ వీసా నిరాకరించింది. చట్టంలోని ఒక సెక్షను నెంబరు తప్ప కారణం చెప్పలేదు. కోర్టుకెక్కాక, దాదాపు మూడేళ్లకు, అతని ఒంటి మీది పచ్చబొట్లూ మరికొన్ని సంగతులూ చూసి నేరముఠా సభ్యుడని అనుమానించామని చెప్పారు. 2024 జూన్‌లో సుప్రీం కోర్టు 6-3 తీర్పులో, భర్తను దేశంలోకి రానివ్వమని కోరే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని చెప్పింది. సొంత పౌరురాలి గతే అది, పెదనందిపాడులోనో పొన్నూరులోనో కూర్చున్న తల్లి మాట ఎవరికి వినబడుతుంది?

అలాగని జవాబు చెప్పడం అసాధ్యమేమీ కాదు. యూరప్‌లో ఇప్పుడు 29 దేశాలకు కలిపి ఒకే షెంగెన్ వీసా ఉంది. దాని నియమావళి ప్రకారం మామూలుగా 15 రోజుల్లో, మరీ అవసరమైతే 45 రోజుల్లో తీర్మానం చెప్పాలి. నిరాకరిస్తే ఏ కారణం చేతనో ఒక ఫారంలో గుర్తుపెట్టి చేతికివ్వాలి, అప్పీలు ఎక్కడ చేసుకోవాలో కూడా చెప్పాలి. ఆచరణలో అక్కడా లోపాలుంటాయి, అపాయింట్‌మెంటు దొరక్క ఏడ్చేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ అడిగినవాడికి కారణం చెప్పాలని ఒకరు చట్టంలో రాసుకోగలిగితే మిగతావాళ్లెందుకు రాసుకోలేరన్నదే నా ప్రశ్న.

ఆలస్యం ఎప్పుడూ పని ఒత్తిడి వల్లే జరుగుతుందని అనుకోవడం కూడా అమాయకత్వం. 1940 జూన్‌లో, హిట్లర్ నుంచి పారిపోతున్న యూదులు అమెరికా కాన్సులేట్ల ముందు బారులు తీరి ఉన్న రోజుల్లో, ఆ దేశపు విదేశాంగ శాఖలో బ్రెకిన్‌రిడ్జ్ లాంగ్ అనే ఉన్నతాధికారి తోటి అధికారులకు ఒక నోటు రాశాడు. వద్దని బాహాటంగా చెప్పనక్కర్లేదు, ఇంకా సాక్ష్యాలు తెమ్మనమని, అడ్డంకులు పెట్టమని, వాయిదా మీద వాయిదా వేయమని కాన్సుల్‌లకు చెబితే చాలు, రావడం దానంతటదే ఆగిపోతుందని దాని సారాంశం. ఆ వాయిదాల్లో చిక్కుకున్నవాళ్లు ఎంతోమంది ప్రాణాలతో మిగల్లేదు.

అదే వేసవిలో లిథువేనియాలోని కౌనస్ పట్టణంలో జపాన్ వైస్ కాన్సుల్‌గా చియునె సుగిహారా ఉన్నాడు. క్రైస్తవుడు, ఆర్థడాక్స్ సంఘంలో బాప్తిస్మం పొందినవాడు. ఒక ఉదయం లేచి చూస్తే కాన్సులేట్ గేటు బయట యూదు శరణార్థుల గుంపు నిలబడి ఉంది. ఆయన చేసిన మొదటి పని వాళ్లలో ఐదుగురు ప్రతినిధులను లోపలికి పిలిచి కూర్చోబెట్టి వినడం. టోక్యోకు తంతి పంపి అనుమతి అడిగాడు, వద్దన్నారు. మళ్లీ అడిగాడు, మళ్లీ వద్దన్నారు. అయినా జూలై చివరి నుంచి సెప్టెంబరు మొదటి దాకా చేత్తో వీసాలు రాస్తూనే ఉన్నాడు. ఆయన జాబితాలోనే 2,100కు పైగా వీసాలున్నాయి, ఒక్కో వీసా మీద కుటుంబాలే బయటపడ్డాయి. కాన్సులేట్ మూసేసి వెళ్లిపోతూ రైలు కిటికీలోంచి కూడా రాసిచ్చాడంటారు. 1947లో ఉద్యోగం పోయింది. 1984లో ఇశ్రాయేలు దేశపు యాద్ వాషెమ్ సంస్థ ఆయన్ను గౌరవించింది. అందరు కాన్సుల్‌లూ సుగిహారాలు కావాలని నేను అనడం లేదు. ఐదుగురిని లోపలికి పిలిచి వినడానికి మాత్రం ఏ రాజధాని అనుమతీ అక్కర్లేదు.

బైబిల్లో వీసా ఉందా అని ఒకసారి యవ్వనస్థుల కూటంలో ఒకబ్బాయి నవ్వుతూ అడిగాడు. ఉంది. నెహెమ్యా రెండో అధ్యాయం చదవండి. షూషను కోటలో అర్తహషస్త రాజుకు గిన్నె అందించే నెహెమ్యా, యెరూషలేము గోడలు కూలిపోయాయని కిస్లేవు మాసంలో విని ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు. నీసాను మాసం వచ్చేదాకా, అంటే సుమారు నాలుగు నెలలు, ఏమీ కదల్లేదు. క్రీస్తు పూర్వం 445 నాటి సంగతి ఇది. ఒకరోజు రాజే అతని ముఖం చూసి, ఎందుకు విచారంగా ఉన్నావని అడిగాడు. నెహెమ్యా భయపడ్డాడు, మనసులో దేవునికి ప్రార్థించుకున్నాడు, ఉన్నమాట చెప్పాడు. అప్పుడు రాజు అడిగిన ప్రశ్నలేమిటో గమనించారా? ప్రయాణం ఎన్నాళ్లు పడుతుంది, తిరిగి ఎప్పుడొస్తావు (నెహెమ్యా 2:6)! ఇవాళ అద్దం వెనక కూర్చున్న అధికారి అడిగేవి కూడా ఇవే. నెహెమ్యా ఇంత కాలమని చెప్పాడు, నది అవతలి అధికారులు తనను దాటనిచ్చేలా లేఖలు కావాలన్నాడు, అడవుల కాపరికి ఇంకో లేఖ కావాలన్నాడు. కాగితాల విషయంలో అంత వివరంగా ఉన్న భక్తుడు అరుదు.

ఈ భాగం మీద ప్రసంగాలు చాలా విన్నాను, అన్నీ నెహెమ్యా ప్రార్థన గురించే. రాజు అతని ముఖం చూశాడన్నది ఎవరూ చెప్పరు. అన్యజనుల రాజు, చక్రవర్తి, తన దగ్గర పనిచేసేవాడి ముఖంలో దుఃఖం చూసి ఆగి అడిగాడు. మన కాలపు కార్యాలయాలు పోగొట్టుకున్నది సరిగ్గా దాన్నే. ముఖం కనబడకుండా కట్టుకున్నాయి.

దీనికి ఎదురు చిత్రం అపొస్తలుల కార్యములు 24లో ఉంది. ఫేలిక్సు అధిపతి పౌలును విడుదల చేయడు, శిక్షించడు. తీరిక దొరికినప్పుడు పిలిపిస్తానంటాడు. పిలిపిస్తాడు కూడా, మాటిమాటికీ. పౌలు తనకు డబ్బిస్తాడేమోనని అతని ఆశ. రెండేళ్లు అలాగే గడిపి, కొత్త అధిపతి ఫేస్తు రాగానే, పౌలును బంధకాల్లోనే వదిలి వెళ్లిపోయాడు. పరిశీలనలో ఉంది అన్న వాక్యానికి ఫేలిక్సుకంటే మంచి బొమ్మ నాకు కనబడలేదు. పౌలు ఏం చేశాడు? ఫేస్తు ఎదుట తన పౌరసత్వపు హక్కు వాడుకుని కైసరుకు అప్పీలు చేశాడు. అది అవిశ్వాసమని మనలో ఎవరమూ అనం. కానీ అక్కయ్య తరఫున ఢిల్లీకి ఫిర్యాదు రాద్దామని నేనన్నప్పుడు, "మనుషుల మీద ఆధారపడుతున్నారా బ్రదర్?" అని అడిగినవాళ్లున్నారు మా సంఘంలో.

ఇప్పుడు ఆ పాట దగ్గరికి వస్తాను. నాలుగో వారంలో అక్కయ్య దిగులుగా కనబడితే నేను చెప్పిన మాటలేమిటో నాకు బాగా గుర్తు. లూకా 18లోని విధవరాలిని చూపించి, విసుగకుండా అడగండి అక్కయ్యా, దేవుడు తలుపు తెరుస్తాడు అన్నాను. స్త్రీల సమాజం వాళ్లు మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు, మంచిదే. మూడో రోజు చివర ఒక సహోదరి, ప్రేమతోనే అనుకోండి, 'ఒప్పుకోని పాపమేదైనా అడ్డుగా ఉందేమో పరీక్షించుకోండక్కా' అన్నది. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదట. నలభై ఏళ్ల కిందట తోటికోడలితో పోట్లాడిన సంగతి గుర్తు చేసుకుని, ఆవిడకు ఫోన్ చేసి క్షమాపణ అడిగారట. దరఖాస్తు మీద మాత్రం అదే వాక్యం. బిడ్డ పోయాక, 'నా పాపం వల్లేనేమో తమ్ముడూ' అన్నారు నాతో. లెక్కల టీచరు, ప్రతిదానికీ కారణం వెతికే మనిషి. ఆ కారణాన్ని ఆమె చేతిలో పెట్టింది మేమే.

ఆ ఉపమానం నేను తప్పుగా వాడాను. ఆ విధవరాలికి కనీసం వెళ్లడానికి ఒక ఊరు, ఒక న్యాయాధిపతి, అతని ముఖం ఉన్నాయి. రోజూ వెళ్లి విసిగించగలిగింది. అన్నిటికంటే ముఖ్యం, ప్రభువు ఆ న్యాయాధిపతిని చూపించి దేవుడు ఇలాంటివాడని చెప్పలేదు, ఇలాంటివాడు కాడని చెప్పాడు. మనం ఆ తేడా చెరిపేశాం. దేవుణ్ణి కూడా ఒక కాన్సులేట్ చేసి కూర్చోబెట్టాం. ఇన్ని ఉపవాసాలు, ఇంత కానుక, ఈ మాటలతో ప్రార్థన, కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ముద్ర పడుతుంది, పడలేదంటే నీ ఫైల్లో ఏదో లోపం. ఇలాంటి బోధ విన్న మనిషికి కాన్సులేట్ మౌనం దేవుని మౌనంలాగే వినబడుతుంది. వీసా ఆపింది ఎక్కడో ఒక బల్ల దగ్గర ఉన్న గుమాస్తానో, కంప్యూటరో, ఎవరి నిర్ణయమో మనకు తెలియదు. దేవుని మీదికీ, ఆ తల్లి మీదికీ దాన్ని నెట్టడానికి మనకు అధికారం ఎవరిచ్చారు?

వీసా రావడం దేవుని మేలు కాదా అని అడుగుతారు. మేలే, కృతజ్ఞతలు చెప్పండి. కానీ వచ్చినవాళ్లనే వేదిక ఎక్కించే సంఘంలో రానివాళ్లు ఎక్కడ కూర్చోవాలి? మా సంఘంలో గత పదిహేనేళ్లలో వీసా సాక్ష్యాలు ఎన్నో విన్నాం. అదే కాలంలో నిరాకరణ పొందినవాళ్లు నా లెక్కలో ఇరవై మందికి తక్కువ ఉండరు, ఒక్కరి పేరూ మైకులో వినబడలేదు. వాళ్లలో కొందరు గుడి మారిపోయారు. మనం ప్రార్థన విఫలమైంది అనుకున్నాం, వాళ్లు సిగ్గుపడి వెళ్లిపోయారు. పదమూడో కీర్తనలో దావీదు, ఎంతకాలం అన్న ప్రశ్న నాలుగుసార్లు అడుగుతాడు. ఎనభై ఎనిమిదో కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు. అవి కూడా దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకున్న పాటలే. మన కీబోర్డు కుర్రాడికి ఆ రోజు అలాంటి పాట ఒకటి నేర్పి ఉంటే బాగుండేది.

ఫారాలు నింపేవాణ్ణి కనుక నాలుగు మాటలు చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. అడిగే ఉత్తరం దరఖాస్తుదారుల ఈమెయిల్ నుంచే వెళ్లాలి. చాలా దేశాలు గోప్యత పేరుతో మూడో మనిషికి జవాబివ్వవు, అమెరికా చట్టంలోనైతే వీసా రికార్డులు రహస్యంగా ఉంచాలని రాసే ఉంది. ఉత్తరంలో దరఖాస్తు నెంబరు, పాస్‌పోర్టు నెంబరు, తేదీ మొదటి వరసలోనే ఉండాలి, అడిగేది ఒక్క ప్రశ్నే అయుండాలి. కన్నీళ్లన్నీ అందులో పోస్తే చదివేవాడికి అసలు సంగతి దొరకదు. అక్కడ పిల్లలుంటే వాళ్లుండే నియోజకవర్గపు పార్లమెంటు సభ్యుడి కార్యాలయానికి రాయమనండి. అమెరికా కాంగ్రెస్ సభ్యుల దగ్గర ఇలాంటి విచారణల కోసమే సిబ్బంది ఉంటారు. జబ్బు, మరణం లాంటి అత్యవసరాలకు ఇంటర్వ్యూ తొందరగా ఇమ్మని అడిగే వీలు కూడా అక్కడ ఉంది. మాకు ఈ దారులన్నీ తెలిసేసరికి బిడ్డ పోయాడు.

లోపల మా మనిషి ఉన్నాడు, ఇంత ఇస్తే ఫైలు కదిలిస్తాను అనేవాడు మీ వీధిలోనూ ఉంటాడు. ఫేలిక్సు ఆశ వాడిది. ఒక్క రూపాయి ఇవ్వకండి. అలాగే, బ్యాంకులో వారం రోజుల కోసం అప్పు తెచ్చిన డబ్బు వేసి అది మనదే అని చూపించి, ఆ ఫైలు మీద చేతులుంచి ప్రార్థించమని అయ్యగారి దగ్గరికి తేవడం మన సంఘాల్లో మామూలైపోయింది. బ్యాంకు వాణ్ణి, నాకు తెలుసు. వాళ్లు మనకు నిజం చెప్పాలని అడిగే నోరు ముందు మనం వాళ్లకు నిజం చెప్పి ఉండాలి కదా.

ఇంకొకటి రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది. అక్కయ్య సంగతి జరిగిన తర్వాత నా బల్ల సొరుగు సర్దుకుంటుంటే, సంఘ కార్యదర్శిగా నాకొచ్చిన ఉత్తరాలు కొన్ని కనబడ్డాయి. కొడుకు పెళ్లికి బాప్తిస్మ పత్రం కావాలని ఒక తండ్రి, భర్త సమాధి దగ్గర రాయి వేసుకోవడానికి అనుమతి కావాలని ఒక విధవరాలు, ఫీజు సాయం అడిగిన ఒక విద్యార్థి. కమిటీలో పెడదామని పక్కన పెట్టినవి. ఒకదాని మీద తేదీ చూస్తే పద్నాలుగు నెలలైంది. అడిగితే ఏమనేవాణ్ణో నాకు తెలుసు, పరిశీలనలో ఉంది అనేవాణ్ణి. ఆ ఫీజు అడిగిన పిల్లవాడు చదువు మానేసి బైకు షెడ్డులో చేరాడని తర్వాత తెలిసింది. వెళ్లి కలిశాను. "పర్లేదు సార్, రాదనే అనుకున్నా" అన్నాడు, స్పానర్ తుడుచుకుంటూ. ఇప్పుడు మా కమిటీలో వచ్చిన ప్రతి ఉత్తరానికీ పదిహేను రోజుల్లో అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పాలని తీర్మానం చేసుకున్నాం. రెండుసార్లు తప్పాం కూడా.

అక్కయ్య డిసెంబరులో వెళ్లారు. క్రిస్మస్ కూతురి దగ్గర చేసుకున్నారు. మనవడి సమాధి దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు అల్లుడు ఫొటో తీసి పంపాడు, మంచు పడుతోంది, ఆమె చీర మీద మగవాళ్ల కోటు వేసుకుని నిలబడి ఉన్నారు. వీసా గడువు దాదాపు ముగిసేదాకా ఉండి తిరిగొచ్చారు. మళ్లీ ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెబుతున్నారు. మొన్న ఒక కుర్రాడు, చదువు వీసా కోసం రెండో నెల ఎదురుచూస్తున్నవాడు, ఫైలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఈమెయిల్ నేను రాసి పెడతానన్నాను. అది పంపించాక ఒకసారి అక్కయ్య ఇంటికెళ్లి కూర్చుని రమ్మన్నాను. సాయంత్రం ఫోన్ చేసి అడిగితే, "ఏం చెప్పలేదంకుల్, టీ ఇచ్చి పక్కన కూర్చున్నారు" అన్నాడు.